పెండ్లి ఫోటోలును, ఫుల్‌ఫ్రేమ్ కెమేరాయును

మన గ్రామములలో ఇటీవల ఒక కొత్త ఋణము పుట్టినది. బావికి, ఎద్దులకు, మరమగ్గమునకు, ఆడపిల్ల పెండ్లికి అప్పు చేయుట మనమెఱిగినదే. పెండ్లికి అప్పు చేయుట మన సీమలో పరువుతక్కువ పనియుఁ గాదు. నారాయణవనమున జరిగిన కల్యాణమునకు శ్రీనివాసుఁడే కుబేరునియొద్ద ఋణము తీసికొన్నాఁడని కదా పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు నేను చెప్పఁబోవునది పెండ్లివారి అప్పు కాదు, పెండ్లిని ఫోటో తీయువాని అప్పు. పుత్తూరులోనో నగరిలోనో ఒక స్టూడియోయందు రెండుమూడేండ్లు పని నేర్చిన కుఱ్ఱవాఁడు ఒకనాఁడు తాతయొద్దకు వచ్చి, "తాతా, నా కెమేరా చాల్లేదు. ఫుల్‌ఫ్రేమ్ కొనాల. నాలుగు లక్షలు కావాల. పొలం పాస్‌బుక్ ఇయ్యి" అని అడుగును. ఆ ఫుల్‌ఫ్రేమ్ అనఁగా ఏమో తాతకుఁ దెలియదు. తెలియదని మనుమని యెదుట ఒప్పుకొనుటకు మొగమాటము. నేను నగరిలో చాలకాలము స్టూడియో నడిపినవాఁడనగుటచే, అట్టి తాతలు కొందఱు నాయొద్దకు వచ్చి అడిగిరి. వారికి చెప్పిన సంగతులే నేఁడు మీకును చెప్పుచున్నాను.

ముందు ఆ పేరు సంగతి. పూర్వము సినిమాలకు 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్ము వాడెడివారు. జర్మనీదేశమున లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ అనునతఁడు ఆ ఫిల్మునే చేతఁబట్టుకొను చిన్న కెమేరాలో అమర్చి, సినిమాబొమ్మకు రెండింతల చోటు, అనఁగా 36 మిల్లీమీటర్ల పొడవును 24 మిల్లీమీటర్ల వెడల్పును ఒక్కొక్క బొమ్మకు కేటాయించెను. ఆ కెమేరా 1925లో లైకా అను పేరుతో అంగడికి వచ్చినది. తరువాత లోకమంతటను ఆ కొలతయే వాడుకలో నిలిచినది. ఇప్పటి కెమేరాలలో ఫిల్ము లేదు. దాని స్థానమున వెలుతురును విద్యుత్తుగా మార్చు సెన్సరు కలదు. పాతకాలపు ఫోటోవారి అలవాటునుబట్టి నేను దానిని పలక యందును. ఈ పలక 36, 24 మిల్లీమీటర్ల కొలతతో ఉన్నచో ఆ కెమేరాను ఫుల్‌ఫ్రేమ్ అందురు. అంతకంటె చిన్నదై, రమారమి 23న్నర మిల్లీమీటర్ల పొడవు, 15న్నర మిల్లీమీటర్ల వెడల్పు గలది మన కుఱ్ఱవాండ్ర చేతులలో నున్న సాధారణపు కెమేరా.

కావున 'ఫుల్' అను మాట విని అంతకు మించినది లేదని తలఁపవలదు. మా గురువులు రెండు కన్నులుగల నిలువు డబ్బా కెమేరాను మెడలో వ్రేలాడవేసికొని, పైనుండి తల వంచి చూచి ఫోటో తీసెడివారు. అది మీలో పలువురకు జ్ఞాపకముండును. దానిలోని 120 నంబరు ఫిల్ముపై ఒక్కొక్క బొమ్మ 56 మిల్లీమీటర్ల చదరము. నేఁటి ఫుల్‌ఫ్రేమ్ పలకకు అది మూడున్నర రెట్లకు పైగా పెద్దది. ఒక చుట్టకు 12 బొమ్మలు. రెండుమూడు చుట్టలలో పెండ్లి యంతయు ఇమిడిపోయెడిది. మీ యింటి గోడమీఁద నలువది ఏఁబదియేండ్లనాఁటి నలుపు తెలుపు ఫోటోలో మొగములు నేఁటికిని అంత తేటగా నుండుటకు ఆ పెద్ద బొమ్మ ఒక కారణము.

మఱి డిజిటల్ కెమేరాలు వచ్చినపుడు పలక ఏల చిన్నదైనది? ఇది నేఁతవారికి ఒక్కమాటలో బోధపడును. పలకలను సిలికాను బిళ్లలపై తయారుచేసి ముక్కలుగాఁ గోయుదురు. ఆరు గజముల చీరలో ఒక్కచోట పోగు తెగినను చీర యంతయు రెండవ రకమగును. అదే గుడ్డను తువ్వాళ్లుగాఁ గోసినచో ఒక తువ్వాలు మాత్రమే పోవును. సిలికాను బిళ్లలోని లోపముల సంగతియు నిట్టిదే. పలక పెద్దదైన కొలఁది బిళ్లకు లభించు ముక్కలు తక్కువ, చెడిపోవునవి ఎక్కువ, వెల పెరుగును. అందుచేత తయారుచేయువారు మొదట చిన్న పలకలకే మ్రొగ్గిరి. కేనన్ కంపెనీ 2002లో పెద్ద పలకతో వృత్తివారికొక కెమేరా చేసినది గాని అది సామాన్యులకు అందుబాటులో లేదు. 2005లో అదే కంపెనీ 5డి యను దానిని విడుదల చేసిన పిదపనే పెండ్లి ఫోటోలవారు అటు చూడసాగిరి. 2013లో సోనీవారు లోపల అద్దము లేని ఫుల్‌ఫ్రేమ్ కెమేరాను తెచ్చిరి. బరువు తగ్గినది, పోటీ పెరిగినది. అయినను నేఁటికిని క్రొత్తదాని శరీరమొక్కటే సామాన్యముగా లక్షకు తక్కువలో రాదు, లెన్సు వేఱు.

ఇక దానివలని లాభము. వాన కురియుచుండఁగా ముంగిట ఒక చెంబును ఒక గంగాళమును పెట్టినచో ఏది యెక్కువ నీరు పట్టునో చెప్పనక్కఱలేదు. వెలుతురు కూడ వానవంటిదే. అదే వెలుతురులో, అదే లెన్సు తెఱపితో, పెద్ద పలకపై పడు మొత్తము వెలుతురు చిన్నదానిపైఁ బడుదానికంటె రమారమి రెండుంబావు రెట్లు ఎక్కువ. పగటియెండలో దీని ప్రయోజనము కనఁబడదు, రెంటిలోను బొమ్మ చక్కగానే వచ్చును. చీఁకటిలోనే భేదము. వెలుతురు చాలనపుడు కెమేరా తనకు అందిన కొంచెమును హెచ్చించి చూపును. ఆ హెచ్చింపులో బొమ్మపై ఇసుక చల్లినట్లు రవ్వలు తేలును, నలుపు చెదరును, పట్టుచీర జరీ ముద్దకట్టును.

మన నగరి ప్రాంతపు పెండ్లిండ్లలో ఈ చీఁకటి చిక్కు మిక్కుటము. 1960లో తిరుత్తణి సరిహద్దుకు ఆవలిపక్క పోయినను సంబంధబాంధవ్యములు పోలేదు; అచటివలెనే ఇచటను ముందునాఁటి రాత్రి రిసెప్షన్, మఱునాఁడు తెల్లవాఱకముందే ముహూర్తము. నాలుగున్నర, అయిదు గంటలకు జీలకఱ్ఱ బెల్లము పెట్టుదురు. తాళి కట్టు నిమిషమున చుట్టును పదిమంది వంగి నిలుతురు. ఉన్న దీపపు వెలుతురును వారి తలలు అడ్డగించును. తలఁబ్రాలు పోయునపుడు బియ్యపుగింజలు గాలిలో నిలిచినట్లు కనఁబడవలెనన్న కెమేరా కన్ను సెకండులో 250వ వంతుకో, ఇంకను తక్కువకో తెఱచి మూయవలెను. అంత కొంచెము కాలములో లోపలికి వచ్చు వెలుతురెంత? అట్టిచోట పెద్ద పలక నిజముగా ఉపకరించును. మనుమఁడు చెప్పునది అబద్ధము కాదు.

కాని అతఁడు చెప్పని సంగతి యొకటి కలదు. బహుశః అతనికిని ఎవరును చెప్పియుండరు. పలకకంటె లెన్సు తెఱపి యెక్కువ వెలుతురును తెచ్చును. లెన్సుమీఁద 5.6 అనియు, 2.8 అనియు, 1.8 అనియు అంకెలుండును. అంకె తగ్గిన కొలఁది తెఱపి పెద్దదని గుర్తు. కెమేరాతోపాటు పెట్టెలో వచ్చు సాధారణపు జూమ్ లెన్సు, దూరపు మొగమును దగ్గఱకు లాగినపుడు 5.6 వద్ద నిలిచిపోవును. దాని స్థానమున 2.8 లెన్సు పెట్టినచో వెలుతురు నాలుగు రెట్లు. 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు పెట్టినచో దాదాపు తొమ్మిదిన్నర రెట్లు. ఈ కడపటిది జూమ్ కాదు, మనిషియే ముందుకు వెనుకకు నడువవలెను; కాని దాని వెల ఫుల్‌ఫ్రేమ్ శరీరపు వెలలో పదవ వంతో, కొంచెమెక్కువయో. లక్షలు పోసి పలక మార్చినచో రెండుంబావు రెట్లు, ఆ సొమ్ములో చిన్న భాగముతో లెన్సు మార్చినచో తొమ్మిదిన్నర రెట్లు. చిన్న పలక కెమేరాకు పెట్టెలోని లెన్సే తగిలించుకొని తిరుగుచు, నా కెమేరా చాలదని చెప్పు కుఱ్ఱవానికి మొదట కావలసినది కెమేరా కాదు.

ఇంతవఱకును వెలుతురు మాట. లోతు మాట చెప్పవలసియున్నది. ముసలివారమైన మనకు అందులోనే అక్కఱ యెక్కువ.

మీరెప్పుడైన గమనించితిరో లేదో, మన యిండ్లలో పూలదండ వేసిన పటములు పెక్కు ఆ పటముకొఱకే తీసినవి కావు. అవ్వ పోయిన తరువాత కొడుకు ఏదో పెండ్లి గ్రూపు ఫోటో పట్టుకొని స్టూడియోకు వచ్చి, అందులో మూఁడవ వరుసలోనో ప్రక్కగానో నిలుచున్న ఆమె మొగమును చూపి, దీనిని పెద్దది చేసి యిమ్మనును. నా స్టూడియోకు అట్లు వచ్చినవారు లెక్కలేనంతమంది. చేనిలోనో మగ్గముముందో బ్రదుకంతయు గడపిన మనిషికి మంచి చీర కట్టుకొని కెమేరా యెదుట నిలువఁబడు సందర్భము ఇతరుల పెండ్లియే గదా! ఆ మొగము తేటగా నున్నచో పటము తేటగా వచ్చును. అది మసకఁబాఱియున్నచో ఏ యంత్రమును లేనిదానిని తెచ్చి పెట్టఁజాలదు. ఇప్పటి కంప్యూటరు విద్యలు మసకను సరిదిద్దునని చెప్పి కొందఱు చేసి యిచ్చుచున్నారు. కాని అవి కన్నులను ముక్కును ఊహించి గీయును. ఊహించిన మొగము అవ్వదగునా?

లెన్సు తెఱపి పెద్దదైనను, పలక పెద్దదైనను తేటగానుండు లోతు తగ్గును. ఫుల్‌ఫ్రేమ్ కెమేరాకు 85 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, తెఱపి 1.8 వద్ద ఉంచి, పది అడుగుల దూరమున వధువును తీసినచో ముందు వెనుకలు కలిసి తేటగా నుండునది అయిదంగుళములు మాత్రమే. వధువు కన్నులు, పాపటబిళ్ల తేటగా వచ్చును. ఆమె వెనుక రెండడుగులలో తాళిబొట్టు పళ్లెము పట్టుకొని నిలుచున్న మేనత్త మసకబాఱును. ఇంకను వెనుక కుర్చీలో కూర్చున్న తాత రంగుల పొగలో కలిసిపోవును. ఈ పొగయే నేఁటి మోజు. సెల్‌ఫోనులో బొమ్మ చూచు యువకులు దానిని చూచి "ఫుల్‌ఫ్రేమ్ లుక్కు" అని మురియుదురు. వధువు ఒంటరి బొమ్మకు అది అందమే, నేను కాదనను. పెండ్లి అంతయు అట్లే తీసినచో ఇరువది యేండ్ల తరువాత ఆ ఆల్బములో ఇద్దఱు మనుష్యులును, వారి చుట్టును మంచును మిగులును.

గ్రూపు ఫోటోకు తెఱపిని మూయవలెను. 35 మిల్లీమీటర్ల లెన్సును 8 అంకె వద్ద ఉంచి పదునాఱడుగుల దూరమును గుఱిగాఁ బెట్టినచో, ఎనిమిదడుగులనుండి వెనుక గోడవఱకు అందఱును తేటగా నుందురు. అయితే 1.8 నుండి 8కి మూసినపుడు వెలుతురు దాదాపు ఇరువదవ వంతుకు పడిపోవును. మఱియొక చిక్కు: చిన్న పలకతో వచ్చునంత లోతే పెద్ద పలకతోను కావలెనన్నచో తెఱపిని ఇంకను కొంత మూయవలెను, అట్లు మూసినపుడు పెద్ద పలక సంపాదించిన రెండుంబావు రెట్ల వెలుతురు రమారమి అంతయు తిరిగి పోవును. కనుక పదిమందిని లోతుగాఁ దీయు బొమ్మలో ఫుల్‌ఫ్రేమ్ వలన చీఁకటిలో విశేష లాభము లేదు. అచట కావలసినది దీపము. రెండు మంచి ఫ్లాషులు, వానికి స్టాండులు, తెల్లని గొడుగులు. వాని నమర్చుట తెలిసిన మనిషి. వేదికపై ఊదారంగు ఎల్.ఇ.డి. దీపములు వెలిగించి, మొగములు ఊదాగా వచ్చినవని ఫోటోవానిని తిట్టుట కూడ వినుచున్నాను. ఏ పలకయు ఆ రంగును పసుపుగా మార్చలేదు. డెకరేషన్ వానితో ముందే చెప్పి ముహూర్తవేళ తెల్లని దీపములు వేయింపవలెను.

మెగాపిక్సెళ్ల మాట త్వరగా ముగింతును. అవి అంగుళమునకు ఎన్ని పోగులో అను లెక్కవంటివి. కరిజ్మా ఆల్బములో 12, 18 అంగుళముల ఒక పుటకు, అంగుళమునకు 300 చుక్కల చొప్పున చూచినను, ఒకకోటి తొంబదినాలుగు లక్షల చుక్కలు, అనఁగా పందొమ్మిదిన్నర మెగాపిక్సెళ్లు చాలును. 24 మెగాపిక్సెళ్ల చిన్న పలక కెమేరా దీనికి సరిపోవును. ఈ కారణము చూపి లక్షలు అడుగువానికి ఈయవలదు.

అయినచో ఫుల్‌ఫ్రేమ్ ఎవరికి తగును? గుడిలో జరుగు పెండ్లిండ్లు తఱచుగాఁ దీయువానికిఁ దగును. గర్భాలయము ఎదుటి మండపములలో ఫ్లాషు వెలిగింపనీయని చోట్లు కలవు. ఫోటోకే అనుమతి లేనిచోట్ల మాట వేఱు. నూనెదీపము, ఒకటిరెండు విద్యుద్దీపములు, అంతే ఆధారము. అచట మంచి లెన్సు పెట్టియు ఇంకను చాలదనిపించినపుడు పలక యక్కఱకు వచ్చును. మంచి లెన్సులు ముందే కొని, ఫ్లాషు వాడుక నేర్చి, ఏడాదికి ముప్పది నలువది పెండ్లిండ్లు తన పేరుమీఁద ఒప్పుకొనువానికిఁ దగును. ఇంకొకరి స్టూడియోకు రోజుకూలిమీఁద పోవువానికి అప్పుచేసి కొనుట తగదని నా నమ్మకము. అతఁడు పెద్ద కెమేరా తెచ్చినంతమాత్రమున కూలి రెట్టింపు కాదు.

కొనువాఁడు తప్పక చూడవలసినదొకటి కలదు. కెమేరాలో మెమొరీ కార్డుకు రెండు గదులు ఉన్నవా? ఉన్నచో ప్రతి బొమ్మయు ఏకకాలమున రెండు కార్డులపై వ్రాయింపవచ్చును. నేనెఱిగిన యొక యింట, ముహూర్తమునాఁటి కార్డు మఱునాఁటికి తెఱచుకొనలేదు. ఫోటోవాఁడు రుసుము తిరిగి యిచ్చి చేతులు జోడించెను. వధువు తండ్రి ఆ ఏడాదియే కాలము చేసెను. కన్యాదానము చేయుచున్న ఆయన బొమ్మ బంధువుల సెల్‌ఫోనులలో దొరకినదొకటే, అదియు సగము అడ్డుపడినది. రెండు గదులు పెద్ద పలక కెమేరాలన్నిటను ఉండవు. చిన్న పలకవానిలో కొన్నిటికి కలవు. పలక కొలత అడుగుటకు ముందు ఈ ప్రశ్న అడుగుఁడు.

సొమ్ము లెక్క వ్రాసికొనునపుడు శరీరపు వెలతో ఆఁగరాదు. చిన్న పలకకొఱకు చేసిన లెన్సులు పెద్ద పలకను పూర్తిగాఁ గప్పవు. మూలలు నల్లబడును, లేదా కెమేరాయే నడిమిభాగమును మాత్రము వాడుకొని మిగిలిన పలకను వ్యర్థము చేయును, కొన్ని అసలు తగులుకొననే తగులుకొనవు. కనుక శరీరము మార్చినచో లెన్సులును మార్చవలెను. 24 నుండి 70 వఱకు ఒకటి, 70 నుండి 200 వఱకు ఒకటి, రెండును 2.8 తెఱపితోఁ గొన్నచో వాని వెల శరీరమును మించిపోవచ్చును. బ్యాటరీలు, కార్డులు, పెద్ద బొమ్మలు దాఁచు డిస్కులు ఆపైన.

వచ్చుబడి చూచితిమా, తెలుగువారికి ఆషాఢము, పుష్యము కూడవు. తమిళము మాటాడువారికి ఆడి, మార్గళి కూడవు. మన ఊళ్లలో రెండు కుదుళ్లవారును కలరు, రెండు పంచాంగములును కలవు. చాంద్రమానమునకు సౌరమానమునకు నెలలు సరిగా కలియవు గనుక ఫోటోవానికి ఖాళీదినములు పెరుగును. శుక్రమూఢమో గురుమూఢమో వచ్చినచో మఱికొన్ని. బ్యాంకు వాయిదాకు మాత్రము మూఢము లేదు. ఏడాదిలో ఎన్ని నెలలు పని, ఎన్ని నెలలు వాయిదా అని మనుమనిచేత కాగితముపై వ్రాయించి చూడుఁడు.

అంతయు చూచి కొనుటకే నిశ్చయించినను పొలము తాకట్టు పెట్టనక్కఱలేదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద చిన్న వృత్తులకు, వ్యాపారములకు హామీ ఆస్తి లేకయే బ్యాంకులు ఋణము నీయుటకు వీలున్నది. ఏఁబదివేల లోపు శిశు, అయిదు లక్షలవఱకు కిశోర్, ఆపైన పది లక్షలవఱకు తరుణ్ అని దానిలో మొదట ఏర్పఱచిన మెట్లు. పాసుపుస్తకము పెట్టెలోనే ఉండనిచ్చి, కుఱ్ఱవానిని ముందు బ్యాంకుకుఁ బంపుఁడు. బ్యాంకువారు అతని పని లెక్కలు అడుగుదురు, అడుగనిండు.

దానికంటెను ముందు చేయఁదగినది, అద్దెకుఁ దెచ్చుట. చెన్నపట్నములో కెమేరాలు దినపుటద్దెకు ఇచ్చువారు కలరు. మనకు రైలు ఉండనే యున్నది. నాలుగైదు ముహూర్తములకు అద్దె కెమేరాతోఁ దీసి, తన పాత కెమేరాకు 1.8 లెన్సు తగిలించి తీసినవానితో ప్రక్కప్రక్కన అచ్చు వేయించి, ఆ కాగితములు మీచేతికి ఇమ్మనుఁడు. సెల్‌ఫోనులో చూపినచో ఒప్పుకొనవలదు. అచ్చులలో మీ కన్నులకు భేదము కనఁబడినచో అతని కోరిక న్యాయమైనది. పాతది కొనఁదలఁచినచో దాని కన్ను ఇదివఱకు ఎన్నిమార్లు తెఱచి మూసినదో లెక్క చూడవలెను. సాధారణముగా లక్షనుండి రెండులక్షల మార్లకు నిలుచునట్లు చేయుదురు. పెండ్లికి రెండున్నరవేల బొమ్మల చొప్పున అఱువది పెండ్లిండ్లకే లక్షన్నర అగును.

ఇఁక మీ యింటి పెండ్లి సంగతి. ఫోటోవాఁడు ఏ కెమేరా తెచ్చినను సరియే, రిసెప్షన్ రాత్రి జనము మూఁగకముందు, ముసలివారు అలసిపోకముందు, గ్రూపు ఫోటోకు అరగంట కేటాయింపుఁడు. పెద్దలకు కుర్చీలు వధూవరుల ప్రక్కనే, ఒకే వరుసలో వేయింపుఁడు. ముందు వెనుకలుగా వద్దు. తెఱపి ఎనిమిదిలో పెట్టినాఁడా అని ఫోటోవానిని అడుగుఁడు. ఆశ్చర్యపడును గాని పెట్టును.